కంప్యూటర్ సహాయంతో దంత ఇంప్లాంట్ చికిత్స: ప్రయోజనాలు, పరిమితులు

ఊడిన పంటి స్థానంలో, దవడ ఎముకలో టైటానియం మరను అమర్చి, దానిపై కృత్రిమ దంతాన్ని నిలిపే ఇంప్లాంట్ విధానం కొత్తది కాదు. టైటానియం సజీవమైన ఎముకతో గట్టిగా కలిసిపోతుందని స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ 1950వ దశకంలో గుర్తించగా, 1965లో తొలి రోగికి చికిత్స జరిగింది. ఇటీవలి దశాబ్దాలలో ఈ చికిత్సకు కంప్యూటర్ తోడైంది.

కింది దవడ ఎముకలో పెదవికి, గడ్డానికి స్పర్శజ్ఞానాన్నిచ్చే నాడి ఉంటుంది. అది దెబ్బతింటే ఆ భాగాలు తిమ్మిరెక్కుతాయి. ఒక్కొక్కసారి ఆ లోపం శాశ్వతంగా మిగలవచ్చును. పై దవడ వెనుక భాగంలో గాలి గది ఉంటుంది. సాధారణ ఎక్స్‌రే ఎముక మందాన్ని చూపజాలదు. కోన్ బీమ్ సీటీ ఎముకను త్రిమితీయంగా చూపుతుంది. ఈ చిత్రానికి నోటి స్కానింగును జతపరచి, రాబోయే పంటి స్థానాన్ని ముందుగా నిర్ణయించి, దానికి అనుగుణంగా మర కోణాన్ని, లోతును వైద్యులు ఖరారు చేస్తారు. ఆ ప్రకారం త్రీడీ ప్రింటర్‌పై తయారైన మూస డ్రిల్లును నిర్ణీత మార్గంలో నడిపిస్తుంది.

ఎముక, చిగురు తగినంతగా ఉన్నవారికి చిగురును కోసి తెరవకుండానే శస్త్రచికిత్స చేయవచ్చును. తత్ఫలితంగా వాపు, నొప్పి తగ్గుతాయి.

అయితే ఈ విధానం పొరపాట్లకు అతీతం కాదు. 2018లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష ప్రకారం, ప్రణాళికకు, వాస్తవ స్థానానికి మధ్య సగటు తేడా మర పైభాగంలో 1.2 మిల్లీమీటర్లు, కొనవద్ద 1.4 మిల్లీమీటర్లు, కోణంలో 3.5 డిగ్రీలు. అందువల్లనే నాడికి కనీసం 2 మిల్లీమీటర్ల దూరం పాటించడం ఆనవాయితీ. నోరు తగినంత తెరుచుకోని వారికి వెనుక పళ్లవద్ద మూస ఇమడదు. మూస అడ్డువల్ల చల్లబరిచే నీరు చేరక ఎముక వేడెక్కే ప్రమాదమూ ఉన్నది. అదుపులో లేని మధుమేహం, పొగతాగే అలవాటు కలిగించే ముప్పును ఏ సాఫ్ట్‌వేరూ తొలగించలేదు.

స్కానింగు, మూస తయారీలవల్ల వ్యయం పెరుగుతుంది. ఒకే పన్ను లోపించి, ఎముక పుష్కలంగా ఉన్న రోగికి ఆ అదనపు భారం ప్రతిసారీ అవసరం కాకపోవచ్చును. కనుక "కంప్యూటర్ చికిత్స, పొరపాటుకు తావులేదు" వంటి ప్రచారాన్ని యథాతథంగా స్వీకరించక, ఆ రోగికి అది ఎందుకు అవసరమో వైద్యులు వివరించేలా చూడడం ముఖ్యం. యంత్రం చేతిని నడిపించగలదు. నిర్ణయం మాత్రం వైద్యునిదే.