అమ్మమ్మ వైద్యానికి రీడ్‌మీ ఫైలు

పోయిన వేసవిలో మా ఆఫీసువాళ్ళు క్రికెట్ టోర్నమెంటు పెట్టారు. ఏ నెలలో? మే నెలలో. ఏ ఊళ్ళో? హైదరాబాదులో. పొద్దున ఏడింటికని మెయిలు పంపారు గానీ, మనవాళ్ళ ఏడు సంగతి తెలిసిందేగా! టాసు వేసేసరికి తొమ్మిదిన్నర. రెండు మ్యాచులు ఆడి (ఆడి అంటే, థర్డ్‌మ్యాన్‌లో నిలబడి) ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు.

అప్పటికి ఏమీ తెలీలేదు. రాత్రి పడుకోబోతే మెడ వెనకాల, చేతుల మీద ఎవరో ఇస్త్రీపెట్టె ఆనించినట్టు మంట. ఎండకి కమలడమనేది తెల్లవాళ్ళకే గానీ మనకెందుకొస్తుందిలే అనుకునే బాపతు నేను. నల్లగా ఉంటే కొంత రక్షణ ఉన్న మాట నిజమే కానీ, అది కొంతే. మన చర్మం మీద ఎరుపు అంతగా కనపడదు, అందుకని కాలలేదనుకుంటాం. ముట్టుకుంటే వేడి, లాగినట్టు బిగుతు, చొక్కా తగిలితే మంట... మనకు ఆనవాళ్ళు ఇవీ.

అమ్మ చూసి, "ఒరేయ్, ముందు చన్నీళ్ళు పోసుకుని రా" అంది. వచ్చాక పాత పంచె ముక్క తడిపి మెడ మీద వేసింది. పెరట్లో కుండీలోంచి కలబంద మట్ట కోసి, వెంటనే రాయకుండా గిన్నెలో నిలబెట్టింది. పావుగంట పోయాక పచ్చసొన కారింది. అది కడిగేసి, లోపలి గుజ్జు మాత్రం పూసింది. రెండు గ్లాసుల మజ్జిగ తాగించింది. "మూడ్రోజులు ఎండలో తిరక్కు" అని కూడా చెప్పింది. ఆ చివరిమాటే నేను వినలేదు.

ఇక్కడిదాకా కథ సుఖాంతమే. మంగళవారానికి మంట తగ్గింది. కానీ మెడ నల్లబడింది కదా, దాన్ని వదిలిస్తే ఊరుకోనుగా! మా టీములో ఒకడు ఫోనుకి ఒక వీడియో పంపాడు. సగం కోసిన నిమ్మచెక్క, మీద పంచదార, రుద్దడమే. "నూటికి నూరుపాళ్ళు సహజం, సైడ్ ఎఫెక్టులు శూన్యం" అని కింద రాసుంది. బుధవారం పొద్దున శుభ్రంగా రుద్దుకుని, పైపైన తుడుచుకుని, బండేసుకుని ఆఫీసుకెళ్ళా.

శుక్రవారానికి మెడ మీద బొబ్బలు! చేతి మీద కూడా, రసం కారినంత మేర, ఎవరో గీత గీసినట్టు చారలు. చర్మ వైద్యురాలి దగ్గరికెళితే, ఆవిడ చూడగానే అడిగిన మొదటి ప్రశ్న: "నిమ్మకాయేమైనా రుద్దారా?" హతోస్మి! బొబ్బలు పదిరోజుల్లో మానాయి గానీ నల్లమచ్చలు వినాయకచవితి దాకా ఉన్నాయి.

తర్వాత కూర్చుని చదివితే తెలిసిందేమిటంటే, నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకౌమరిన్లని కొన్ని పదార్థాలుంటాయి. అవి ఊరికే చర్మం మీదుంటే ఏమీ చెయ్యవు. వాటిమీద ఎండలోని యూవీ-ఏ కిరణాలు పడితే మాత్రం చర్మాన్ని కాల్చేస్తాయి. ఆ మంట వెంటనే రాదు, ఒకరోజు ఆగి మొదలై రెండు మూడు రోజుల్లో ముదురుతుంది. అందుకే చాలామందికి అది నిమ్మకాయ పనేనని తట్టదు. మన వంటింట్లో ఉండే చిన్న నిమ్మకాయ అమెరికావాళ్ళు లైమ్ అనే రకం. ఈ విషయంలో పేరుమోసిన నేరస్తుల్లో అదొకటి.

"చూశారా, అందుకే ఈ నాటువైద్యాలన్నీ చెత్త" అని కొట్టిపారేసే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ళతోనూ నాకు పేచీయే. ఎందుకంటే ఈ "మొక్క + ఎండ = కాలడం" అనే సమీకరణం మన పాతవాళ్ళకి తెలుసు. బావంచాలని ఒక గింజలున్నాయి, పచారీ కొట్లో దొరుకుతాయి. బొల్లి మచ్చలకి వాటిని పూసి ఎండలో కూర్చోబెట్టడం ఆయుర్వేదంలో ఎప్పట్నించో ఉంది. ఆ గింజల్లో ఉన్నది నిమ్మతొక్కలో ఉన్న రసాయనాల కుటుంబమే. 1940ల్లో ఈజిప్టులో అదే కుటుంబానికి చెందిన మందుని మరో మొక్కలోంచి తీసి బొల్లికి వాడారు. 1974లో అమెరికాలో దాన్నే యూవీ-ఏ దీపాలతో కలిపి సోరియాసిస్‌కి పనిచేస్తుందని చూపించారు. అంటే కొన్ని మొక్కలు ఎండతో కలిస్తే ఎంత బలంగా పనిచేస్తాయో, ఎంత పట్టుగా వాడాలో తెలిసిన సంప్రదాయం మనది. "సహజం కాబట్టి ఏమీ కాదు" అన్నది దానిలోని మాట కాదు. అది సబ్బుల ప్రకటనల భాష.

నా గొడవ ఇదే. అమ్మమ్మ వైద్యంలో మందొక్కటే ఉండదు. ఎప్పుడు, ఎంతసేపు, ఎవరికి, ఏమి చెయ్యకూడదు... ఇవన్నీ దానితోపాటు ఉంటాయి. అమ్మ కలబంద పచ్చసొన కార్చడం అలాంటిదే, ఆ పసరు చర్మానికి దురద పుట్టిస్తుంది. "ఎండలో తిరక్కు" అన్నదీ అలాంటిదే. ముప్ఫై సెకన్ల వీడియోలోకి వచ్చేసరికి కోడు మాత్రం కాపీ అవుతోంది, రీడ్‌మీ ఫైలు ఎగిరిపోతోంది. ఎక్కడో దొరికిన కోడుని అర్థం చేసుకోకుండా ప్రొడక్షన్‌లో పెడితే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? :)

సరే, మరి ఏది పనిచేస్తుంది? నాకర్థమైనంతలో కమిలిన చర్మానికి కావలసింది చల్లదనం, తడి, కాస్త విశ్రాంతి. చన్నీళ్ళ గుడ్డ మొదటి రెండూ ఇస్తుంది (ఐసుముక్క నేరుగా పెట్టకూడదు). కలబంద గుజ్జులో 98 శాతానికి పైగా నీళ్ళే, చల్లగా హాయిగా ఉంటుంది. చల్లటి పెరుగు కూడా కాసేపు ఉపశమనమిస్తుంది, చర్మం చిట్లకుండా ఉంటేనే సుమా. కీరదోస ముక్కలూ అంతే. మజ్జిగ, సబ్జానీళ్ళు ఎంత తాగితే అంత మంచిది, ఎందుకంటే కాలిన చర్మం వైపు ఒంట్లో నీరు చేరుతుంది. ఇక శనగపిండి పెట్టి రుద్దడం పుండు మీద గరుకు కాగితం పెట్టడమే. ముల్తానీ మట్టి ఉన్న తడి కూడా లాగేస్తుంది. కొబ్బరినూనె వేడి తగ్గాక ఎండిన చర్మానికి బాగుంటుంది గానీ, కాలిన మొదటి గంటల్లో వద్దు. గంధం పేరుతో కొట్లో అమ్మే పొడిలో ఏముందో ఆ శ్రీగంధానికే తెలియాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఎండకి కమిలిన చర్మం మూడు నుంచి ఆరు గంటల తర్వాత ఎర్రబడటం మొదలై, ఒక రోజులోపు తారస్థాయికి చేరి, మూడో రోజుకి దానంతటదే తగ్గుతుంది. అంటే రెండో రోజున మీరు ఏది పూసినా అది "బ్రహ్మాండంగా పనిచేస్తుంది". సర్వరు దానంతటదే లేచినప్పుడు, చివరగా రీస్టార్టు కొట్టినవాడికి పేరు రావడంలాంటిదన్నమాట. యూవీ-బీ కిరణాలు చర్మకణాల్లోని డీఎన్ఏని దెబ్బతీస్తాయి, బాగా పాడైన కణాల్ని ఒళ్ళే చంపి వదిలించుకుంటుంది, వారానికి పొట్టు రాలేది అందుకే. ఆ దెబ్బని వెనక్కి తిప్పే ఆకు గానీ పసరు గానీ లేదు. మనం చేసేది మంటని ఓదార్చడమే. ఓదార్పు తక్కువదని కాదు, దాన్ని చికిత్స అనుకోకూడదని.

ఆ తేడా తెలియకపోతే ప్రాణాల మీదకి వస్తుంది. మనం "ఎండదెబ్బ" అన్న మాటని రెంటికీ వాడేస్తుంటాం. మెడ కమిలినా అదే, మనిషి పడిపోయినా అదే. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి అయోమయంగా ఉంటే అది కలబందతో పోయే వ్యవహారం కాదు. వెంటనే నీడకి చేర్చి, ఒంటినిండా నీళ్ళు పోసి విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మజ్జిగ పొయ్యకూడదు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి 2,000 మందికి పైగా ఎండకి పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, వయసు మళ్ళినవాళ్ళు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే ఎండ తగలదన్న నమ్మకం ఊళ్ళల్లో ఇంకా ఉంది. ఆ ఉల్లిపాయని చూసి నవ్వే హక్కు, నిమ్మచెక్క రుద్దుకున్న నాకు లేదు.

చివరగా ఒక విషయం చెప్పి ముగిస్తాను. బొబ్బలొచ్చిన ఆ శనివారం ఇంట్లో కలబంద అయిపోతే, ఏసీ గదిలో పడుకునే యాప్‌లో కలబంద జెల్లు ఆర్డరు పెట్టా. పదిహేను నిమిషాల్లో తలుపు కొట్టాడు ఒక కుర్రాడు. టైము మధ్యాహ్నం ఒకటీ పది. ముఖానికి కర్చీఫు, చేతులకి తొడుగుల్లేవు. మోచేతి కింద నుంచి చెయ్యి నా మెడకంటే నల్లగా మాడి, పొట్టు లేస్తోంది. చెయ్యి కాలినవాడు, మెడ కాలినవాడికి మందు తెచ్చిచ్చాడు!

"లోపలికి రా బాబూ, మజ్జిగ తాగి వెళ్ళు" అంది అమ్మ. "టైమ్ లేదమ్మా, ఇంకో ఆర్డరుంది" అన్నాడు. అయినా అమ్మ వదల్లేదు, నిలబెట్టి తాగించింది. వాడు వెళ్ళాక నావైపు చూసి, "సాయంత్రం తెప్పించుకుంటే ఏం పోయేదిరా?" అంది.

ఇప్పుడు మే నెలలో పదకొండు నుంచి నాలుగు దాకా నేను ఏదీ ఆర్డరు పెట్టను. ఈసారి టోర్నమెంటు జనవరిలో పెట్టమని మేనేజరుకి మెయిలు కూడా కొట్టా. ఎండని తప్పించుకోవడాన్ని మించిన చిట్కా ఏ అమ్మమ్మా చెప్పలేదు. కాకపోతే మనం తప్పించుకున్న ఎండ వేరేవాళ్ళ నెత్తిమీద పడకుండా చూసుకోవడం కూడా ఆ రీడ్‌మీలోదే అనుకుంటాను.