మూడు లీటర్ల భయము

మొయినాబాదు మండలములోని చిలుకూరు గురుకుల పాఠశాలలో 2024 డిసెంబరు 14వ తేదీన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఉమ్మడి భోజనపట్టికను ప్రారంభించిన నాటినుండి నేటివరకు, పిల్లల అన్నమును గూర్చి మన పెద్దలు చేసిన చర్చ యావత్తును రూపాయలలోనే సాగినది. 3 నుండి 7వ తరగతివరకు చదువు విద్యార్థికి నెలకు 950 రూపాయలుగా నుండిన భోజనవ్యయము 1,330కి పెరిగినది. 8 నుండి 10వ తరగతివరకు చదువువారికి 1,100 నుండి 1,540కి పెరిగినది. పెరుగవలసినదే. ఇంత ఆలస్యమైనందుకు చింతింపవలసినదే గాని పెరిగినందుకు ఎవ్వరును ఆక్షేపింపరాదు. అయితే ఆ 1,330ని ముప్పదిచే భాగించినచో దినమునకు వచ్చు 44 రూపాయలతో పిల్లవాని పళ్లెములోనికి ఎన్ని గ్రాముల మాంసకృత్తులు చేరవలెను, అవి ఏ పదార్థమునుండి చేరవలెను అను ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము పెంచినవారును, పెంపు చాలదన్నవారును సమానముగా నోరు మెదపకున్నారు. పెద్దలు మాటాడని చోట వదంతి మాటాడును. మన ప్రాంతమున నేడు ఆహారమును గూర్చి తిరుగుచున్న వదంతులలో మిక్కిలి బలిష్ఠమైనది సోయాను గూర్చినది.

సోయా అనిన చేవెళ్ల చుట్టుపట్ల ఊళ్లలో సగముమందికి తెలియదు. మీల్ మేకర్ అనిన తెలియని ఇల్లు లేదు. ఒక సరుకుపేరు ఆ పదార్థమునకే పేరై నిలిచిపోయినది. అంగడిలో బియ్యపు బస్తాల ప్రక్కన మూతి మడిచిన సంచిలో గవ్వలవలె ఎండి తేలికగా నుండు ఆ ముక్కలను పావుకిలో తూచి పొట్లము కట్టి ఇచ్చెదరు. గుప్పెడు ముక్కలు మరుగునీటిలో వేసిన కొద్దిసేపటికే రెండింతలై ఉబ్బును. చల్లార్చి రెండరచేతుల నడుమ గట్టిగా పిండినచో లేతపసుపు నీరు కారును. ఆ నీరు పారబోసి, వేగిన ఉల్లిగడ్డలో, మన తోటలలో పండిన టమాటలో కలిపి మగ్గించినచో నలుగురు పిల్లలకు సరిపడు కూర యగును. నూనె తీసిన సోయాపిండిని వేడితోను ఒత్తిడితోను యంత్రములనుండి వెలువరించి ఎండబెట్టినదే ఈ ముక్క. ఇందులో మంత్రమును లేదు, మాయయును లేదు. గత మాసమున ఆ సంచిలో చేయిపెట్టిన ఒక యువతిని వెంటనున్న అక్క వారించుట నేను విన్నాను: "వద్దు చెల్లె, పిలగానికి పెట్టకు. దాంట్ల ఆడోళ్ల హార్మోన్ ఉంటదట." చెల్లెలు చేయి వెనుకకు తీసికొన్నది. పొట్లము కట్టబోవుచున్న దుకాణదారుడు ముక్కలను తిరిగి సంచిలో పోసినాడు.

ఆ "ఉంటదట" అను మాట ఎచ్చటనుండి వచ్చినదో వెదకితిని. సోయా తినిన మగవారికి స్తనవృద్ధి కలుగునని చెప్పువారందరు, తెలిసియో తెలియకయో, చివరకు చేరునది ముఖ్యముగా ఒక రోగివద్దకే. 2008లో ఒక వైద్యపత్రికలో ప్రకటితమైన ఆ వృత్తాంతము అమెరికాలోని అరువదియేండ్ల పురుషునిది. ఆయనకు రొమ్ములు వాచి నొప్పి కలిగినది నిజము. రక్తములో స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజెన్ హెచ్చినది నిజము. వైద్యులు సోయాపాలే కారణమని నిర్ణయించినదియు నిజము. వదంతి ఇంతటితో ఆగిపోవుచున్నది. ఆయన త్రాగిన సోయాపాలెంత? దినమునకు మూడు క్వార్టులు, అనగా సుమారు మూడు లీటర్లు. ఒకనాడు కాదు, ప్రతిదినము మూడు లీటర్లు! ఆవుపాలైనను, మంచినీటితో కలిపిన తేనెయైనను, ఏ మనుష్యుడు నిత్యము మూడు లీటర్లు త్రాగి స్వస్థుడై యుండగలడు?

ఈ మూడు లీటర్లను మన పళ్లెముతో ఒక్కసారి సరిచూచుకొందము. మూడు లీటర్ల సోయాపాలలో దాదాపు 90 గ్రాముల సోయా మాంసకృత్తులుండును. కూరలో ఒక విద్యార్థికి వచ్చు ఎండు మీల్ మేకర్ 20 గ్రాములనుకొనినచో, అందులో సగము మాత్రమే మాంసకృత్తులగుటచే, అతనికి చేరునది 10 గ్రాములు. అదియును వారములో ఒకటి రెండు పూటలు. ప్రతిదినము తొంబది గ్రాములు మ్రింగిన వానికి వచ్చిన కష్టమును, వారమునకు ఇరువది గ్రాములు తిను పిల్లవానికి ఆపాదించుట ఏ శాస్త్రము? ఉప్పు పిడికెడు తినినవాడు ఆస్పత్రిపాలైనాడని పప్పులో ఉప్పు మానుకొనువారు మనలో నెవరైన కలరా?

సోయాలో ఐసోఫ్లేవోన్లు అను పదార్థములున్నవి. వాటి ఆకృతి స్త్రీ హార్మోనును కొంత పోలియుండును. శరీరములో వాటి ప్రభావము మిక్కిలి దుర్బలము. పోలిక యుండుట వేరు, అదియే అగుట వేరు. పురుషుల హార్మోనులపై సోయా ప్రభావమును పరిశీలించిన ప్రయోగములన్నిటిని కూర్చి 2010లో ఒకసారి, 41 అధ్యయనములతో 2021లో మరియొకసారి లెక్క వేసిరి; రెండుమార్లును టెస్టోస్టెరోన్ తగ్గినట్లు తేలలేదు. ఇక స్త్రీల మాట. రొమ్ముక్యాన్సరు సోకినవారు సోయా ముట్టరాదను భయము మన ఆస్పత్రి వరండాలలో ఇంకను వినబడుచున్నది. చీనాదేశపు షాంఘై నగరమున 2002, 2006 సంవత్సరముల నడుమ ఆ వ్యాధి బయటపడిన 5,042 మంది స్త్రీలను అనుసరించి చూచి, 2009లో ఫలితములు వెల్లడించిరి: సోయా ఎక్కువగా తినినవారిలో మరణములును, వ్యాధి తిరుగబెట్టుటయును తక్కువగా నుండెను. సోయాయే వారిని కాపాడినదని ఈ ఒక్క పరిశీలనచే నిర్ధారింపరాదు. చంపునను మాటకు మాత్రము ఇచట తావు లేదు. ఐదువేల నలువదిరెండు మంది వినబడరు. మూడు లీటర్ల మనుష్యుడొక్కడే మనకు వినబడుచున్నాడు!

సోయాకు నిజమైన దోషములు లేవని నా వాదము కాదు. పచ్చి సోయాగింజ హానికరము. దానిలోని పదార్థములు జీర్ణక్రియకు అడ్డుపడును. ఉడికించినచో ఆ దోషము పోవునని 1917లోనే ఆస్బర్న్, మెండెల్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై ప్రయోగించి చూపిరి. థైరాయిడు మాత్ర వేసికొనువారు మాత్రతోపాటు సోయా తినరాదు, మాత్ర సరిగా ఒంటబట్టదు; కొన్ని గంటల ఎడము పాటించినచో చాలును. కొందరికి సోయా పడదు. వారు దూరముగా నుండవలెను. ఇవి మన వసతిగృహములలో వంటవారికిని, పెద్దవారికిని చెప్పదగిన మాటలు. ఎవ్వరును చెప్పని మాటలును ఇవియే.

సోయా భక్తులును నాకు మిత్రులు కారు. దినమునకు 25 గ్రాముల సోయా మాంసకృత్తులు గుండెజబ్బును తగ్గించునని పొట్లములపై వ్రాసికొనుటకు అమెరికా ఆహార ఔషధ సంస్థ 1999లో అనుమతించినది; 50 గ్రాములు తినినను చెడు కొలెస్టరాలు తగ్గునది నూటికి మూడు పాళ్లు మాత్రమేనని ఆ దేశపు హృద్రోగ సంఘము 2006లో తేల్చినది; 2017లో ఆ అనుమతిని ఉపసంహరింపదలచినట్లు సంస్థయే ప్రకటించినది. కావున సోయా ఔషధము కాదు. అది పప్పు. మంచి పప్పు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారి పాత పట్టిక ప్రకారము నూరు గ్రాముల సోయాలో 43.2 గ్రాముల మాంసకృత్తులున్నవి. 2017 నాటి నూతన పట్టికలో ఆ సంఖ్య 36, 38ల మధ్యకు తగ్గినను, 22 గ్రాములు గల కందిపప్పును ఇంకను చాల దూరము మించియే యున్నది. అన్నములో కొరతపడు లైసీను అను మాంసకృత్తుల అంశము సోయాలో సమృద్ధిగా కలదు. సోయాలో తక్కువైనదానిని అన్నము తీర్చును. 1935లో గాంధీమహాత్ముడు హరిజన్ పత్రికలో సోయాచిక్కుడును గూర్చి వ్రాసి, వార్ధాలోని మగన్‌వాడి వంటశాలలో వండించి చూచుటకు కారణము ఇదియే: పేదవాని పళ్లెమునకు తక్కువ వెలతో బలము చేకూర్చుట. మన ప్రక్కనే యున్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినందుకు గర్వపడువారిలో నేనును ఒకడను; కంది ఉండగా సోయా ఎందుకను వారికి నా సమాధానము, కందితోపాటు అనియే.

అట్లే, మీల్ మేకర్ ఉన్నది గనుక గ్రుడ్డు మానుదమను వారిని నేను అంతకంటె గట్టిగా ఎదిరించుచున్నాను. గ్రుడ్డులోని బి12 సోయాలో లేదు. కొందరి అభిరుచి కొరకు పేదపిల్లల గ్రుడ్డు తీసివేసి దాని స్థానమున నాలుగు సోయాముక్కలు వేయుట పథకము పేరిట జరుగు కోత. సోయా అదనముగా రావలెను. గ్రుడ్డును త్రోసివేసి రాకూడదు.

పన్నెండేండ్ల బాలికకు దినమునకు 33 గ్రాముల మాంసకృత్తులు కావలెనని అదే పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినది. పదునాలుగేండ్ల బాలునికి 45. నేను చూచిన వసతిగృహముల గోడలపై సోమవారము ఏ కూర, మంగళవారము ఏ చారు అని పెద్ద అక్షరములతో వ్రాసియున్నది. ఆ 33 గ్రాములు నేడు ఆ పిల్లకు చేరినవా లేదా అను లెక్క మాత్రము ఎచ్చటను కానరాలేదు. ఆ ఒక్క వరుస వ్రాయుటకు సుద్దముక్క తప్ప వేరు ఖర్చు లేదు. వంటచేయు స్త్రీలకు ముక్కలు ఎంత తూకము వేయవలెనో, ఎంతసేపు ఉడికించవలెనో చెప్పి, తల్లిదండ్రుల సమావేశమున ఒక వైద్యుని నిలబెట్టి, "మూడు లీటర్ల కథ ఇది, మీ పిల్లల పళ్లెము ఇది" అని చెప్పించుటకు ఏ బడ్జెటు కావలెను? 44 రూపాయలు లెక్కగట్టిన చేతులు 33 గ్రాములు ఎందుకు లెక్కగట్టలేకపోవుచున్నవి?

సోయాను ఇంటికి రానీయమని ప్రతినబూనినవారు ఒక్క విషయము వినవలెను. ప్రపంచమున పండు సోయాలో నూటికి 77 పాళ్లు పశువులకును కోళ్లకును మేతయగుచున్నది; టోఫు, సోయాపాలు వంటి రూపములలో మనుష్యుడు నేరుగా తినునది 7 పాళ్లే. మనము ఆదివారము తెచ్చుకొను బ్రాయిలరు కోడి దాణాలో మొక్కజొన్న తరువాత ముఖ్యమైనది సోయాచెక్కయే. ఆ చెక్క వెల పెరిగి కోళ్లఫారములు గగ్గోలు పెట్టినప్పుడు, 2021 ఆగస్టులో, జన్యుమార్పిడి సోయాచెక్కను 12 లక్షల టన్నులవరకు దిగుమతి చేసికొనుటకు కేంద్రప్రభుత్వము అనుమతించినది. కోడికి మేత తగ్గకూడదని లక్షల టన్నులకు త్రోవ తీసిన ప్రభుత్వములు, పిల్లవాని కూరలోని ఇరువది గ్రాములకు వచ్చిన అపవాదును తొలగించుటకు ఒక్క ప్రకటనైనను ఎందుకు వెలువరింపవు? సోయాతో కండబట్టిన కోడిని కొడుకునకు వడ్డించుచు, అదే సోయాను సంచిలోనికి తిరిగి పోయించుచున్న మనము ఏ శాస్త్రము నమ్ముకొని పోయించుచున్నాము?

ఆ మూడు లీటర్ల మనుష్యుని కథలో చివరిమాట ఇచటివారు ఒక్కరును చెప్పుట నేను వినలేదు. వైద్యులు ఆయనకు శస్త్రచికిత్స చేయలేదు. సోయాపాలు మానుమనిరి, ఆయన మానెను, నొప్పి పోయినది, హార్మోను మామూలునకు వచ్చినది. ఆయన స్వస్థుడై ఇన్నేండ్లు గడచిన పిమ్మట, ఆయన పేరైనను తెలియని ఒక తెలంగాణ పల్లెలో, ఆయనకు వచ్చిన వ్యాధి భయముచే ఒక తల్లి తన కొడుకు పళ్లెములోని ముక్కలను ఏరి ప్రక్కన పెట్టుచున్నది. ఏరివేయగా ఆ పిల్లవానికి మిగులుచున్నది అన్నము, దానిపై నీళ్లచారు.