ఉస్మానియాది ఉద్యమం, వాల్తేరుది పుస్తకం: ఈ ముద్రలెక్కడివి?

ద్వితీయ పి.యు.సి. ఫలితాలు వెలువడిన మరునాటి నుండి మన సరిహద్దు గ్రామాలలో ఒక విచారణ మొదలవుతుంది. మిట్టేమరిలో గాని, గూళూరులో గాని, పాతపాళ్యంలో గాని తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఫలానా విశ్వవిద్యాలయంలో ఏ శాస్త్రం బాగా చెబుతారని కాదు; అక్కడ ఎటువంటి పిల్లలుంటారని. సమాధానాలు సిద్ధంగానే ఉంటవి. ఉస్మానియా వారు రాస్తారోకోలు చేస్తారు. వాల్తేరు వారు పుస్తకంలో నుండి తల ఎత్తరు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చదువు కంటే రాజకీయం ఎక్కువ. బెంగళూరు టాటా ఇన్‌స్టిట్యూట్ వారికి లోకం తెలియదు. నాగరభావిలోని జాతీయ న్యాయ పాఠశాలలో ఆంగ్లం తప్ప మరొకటి మాట్లాడని దొరబిడ్డలుంటారు. ఈ మాటలు సరదాకు అనుకొనేవైతే వాటిని గురించి వ్రాయనక్కరలేదు. కాని వీటిని నమ్మి పంపని దరఖాస్తులున్నవి. ముఖ్యంగా ఆడపిల్లల దరఖాస్తులు.

ఈ జాడ్యం మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు అంటే రాజకీయవేత్తలని, కేంబ్రిడ్జి అంటే శాస్త్రవేత్తలని చాలాకాలంగా చెప్పుకొంటారు. అయితే మన నెహ్రూ చదివినది కేంబ్రిడ్జిలో. 1964లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందిన డొరతీ హాడ్జ్‌కిన్ పరిశోధన సాగినది ఆక్స్‌ఫర్డులో. మన్మోహన్ సింగ్ 1957లో కేంబ్రిడ్జి పట్టాను, 1962లో ఆక్స్‌ఫర్డు డాక్టరేటును పొందినారు. ఆయనను ఏ గూటిలో పెట్టాలో ముద్రలు వేసేవారే చెప్పాలి.

మన తెలుగువారి మధ్య ఉన్న పోటీ ముద్రలలో పాతవి ఉస్మానియావీ, ఆంధ్ర విశ్వవిద్యాలయానివీ. నిప్పు లేనిదే పొగ రాదు గదా అని పెద్దలంటారు. నిజమే, కాని ఆ నిప్పు విద్యార్థుల గుణంలో పుట్టినది కాదు. అది పుట్టిన చోటు చూడాలి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏడవ నిజాము ఫర్మానాతో ఏర్పడినది. బోధనాభాష ఉర్దూ. భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పిన తొలి విశ్వవిద్యాలయమని దానికి గౌరవం దక్కినది. కాని తెలంగాణా పల్లెల నుండి వచ్చిన తెలుగు పిల్లవాడికి అది ఇంటిభాష కాదు. 1938లో వసతిగృహాలలో వందేమాతరం పాడడాన్ని పాలకులు నిషేధించగా, వినని విద్యార్థులు బహిష్కృతులైనారు. ఆ ఉద్యమం తక్కిన కళాశాలలకూ పాకినది. అలా బహిష్కృతులైనవారిలో ఎందరికో నాగపూరు విశ్వవిద్యాలయం చోటిచ్చినది. తరువాతి కాలపు ప్రధాని పి.వి. నరసింహారావు నాగపూరులో చదవడం వెనుక ఉన్న కథ ఇదే. ‘ఉస్మానియా వారు ఉద్యమకారులు’ అన్న మాటకు తొలి పునాది ప్రార్థనాగీతం పాడుకొనే హక్కును గురించిన తగాదా.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు తరలినది. అక్కడి చదువు ఆంగ్లంలో, మద్రాసు పద్ధతిలో సాగినది. 1948లో నిజాము పాలన ముగిసి ఉస్మానియాలో ఉర్దూ స్థానానికి ఆంగ్లం వచ్చినప్పుడు, కొత్త ప్రభుత్వ కార్యాలయాలకు కావలసిన ఆంగ్లం కోస్తా పట్టభద్రుల చేతిలో అప్పటికే ఉన్నది. ఉర్దూలో చదివినవాడు ఒక్క రాత్రిలో వెనుకబడినవాడైనాడు. ‘వాల్తేరు వారు తెలివైనవారు, ఉస్మానియా వారు చదవరు’ అన్నది ఈ భాషామార్పిడి నుండి పుట్టిన మాట. స్థానికేతరులకు ఉద్యోగాలెందుకని 1952లో ముల్కీ ఆందోళన, 1969లో ప్రత్యేక తెలంగాణా ఉద్యమం వచ్చినవి. రెండింటిలోనూ విద్యార్థులే ముందున్నారు. 2009 చివరి నెలలలో ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద కనిపించినది కూడా ఈ పాత లెక్కే.

ఇక వాల్తేరు వారు తల ఎత్తరన్న మాట ఎంత నిజం? 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని వీధులకెక్కినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థులున్నారు. ఆ నవంబరు 1న విశాఖపట్నంలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయినవి. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతవని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన వెంటనే జై ఆంధ్ర ఉద్యమాన్ని లేవదీసినది కూడా కోస్తా కళాశాలల విద్యార్థులే. ఆ ఏడాదే ఏప్రిల్‌లో ఉస్మానియా ఆవరణలో హత్యకు గురైన జార్జి రెడ్డి విద్యార్థి నాయకుడు. భౌతికశాస్త్రంలో స్వర్ణపతకం పొందిన పరిశోధకుడు కూడా. ఉద్యమం ఒక ఊరిలో, పుస్తకం మరొక ఊరిలో ఉంటవనుకొనేవారు ఈ ఒక్క సంవత్సరాన్ని చదివినా చాలు.

ఈ విద్యాసంస్థల మధ్య మనుషులు గోడలు లేనట్టే తిరిగినారు. సూరి భగవంతం హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ వద్ద పనిచేసి, వాల్తేరులో భౌతికశాస్త్రం బోధించి, 1952లో ఉస్మానియా ఉపకులపతియై, 1957లో మన బెంగళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌కు నిర్దేశకుడైనారు. ఆంధ్ర విశ్వవిద్యాలయపు తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి అంతకుముందు మైసూరు మహారాజా కళాశాల ప్రిన్సిపాలుగా, మైసూరు సంస్థాన విద్యాశాఖాధికారిగా పనిచేసినవారు. అదే మైసూరు కళాశాలలో అనంతపురం జిల్లా రాళ్లపల్లికి చెందిన అనంతకృష్ణశర్మ 1912 నుండి 1949 వరకు తెలుగు బోధించినారు. సంఖ్యాశాస్త్రంలో జగత్ప్రసిద్ధుడైన సి.ఆర్. రావు పుట్టినది నేడు కర్ణాటకలో ఉన్న హడగలిలో, తెలుగు కుటుంబంలో. గణితం చదివినది వాల్తేరులో. సరిహద్దు అన్నది వీరికి అడ్డు కాలేదు.

కేంద్రీయ విశ్వవిద్యాలయం సంగతి వేరు. 1969, 1972 గొడవల తరువాత కుదిరిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో పార్లమెంటు చట్టంతో అది ఏర్పడినది. ప్రాంతీయ కలహానికి మందుగా పుట్టిన సంస్థకు నేడు రాజకీయపు ముద్ర పడడం విచిత్రం. 2016 జనవరిలో రోహిత్ వేముల అనే పరిశోధక విద్యార్థి మరణం దేశమంతా చర్చకు వచ్చినది. అటుపై మన పల్లెలలో ఆ పేరు వింటేనే జంకు. 2025 మార్చి, ఏప్రిల్ నెలలలో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాలలో చెట్లు కొట్టుతున్నప్పుడు ఆ విద్యార్థులే అడ్డుపడినారు. సుప్రీంకోర్టు కూడా నరకడాన్ని ఆపమన్నది. దీనిని అల్లరి అనేవారితో నేను ఏకీభవించను. చెరువు పూడిపోతే మన ఊళ్లలో ఎవరైనా ఊరకుంటారా?

మిట్టేమరి పిల్లవాడి చిక్కు మరొకటి. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడం, కళాశాలలో ఆంగ్లం. బెంగళూరు వసతిగృహంలో అతడు ‘ఆంధ్రావాడు’, హైదరాబాదులో ‘కర్ణాటకవాడు’. ఇతరుల మీద మనం వేసే ముద్రలు మన మీద కూడా పడుతున్నవి. కాని పరిశీలించి చూస్తే, తలుపు తెరిచేదీ మూసేదీ ఈ ముద్ర కాదు, నిబంధన.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1974 రాష్ట్రపతి ఉత్తర్వు మూడు స్థానిక ప్రాంతాలను ఏర్పరచినది: ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలవి. ప్రతి ప్రాంతంలో 85 శాతం సీట్లు ఆ ప్రాంతంవారికే. మిగిలిన 15 శాతానికి కూడా ఆ రాష్ట్రంలో ఇంతకాలం నివసించి ఉండాలన్న షరతులున్నవి. రాష్ట్రం విడిపోయిన తరువాత పదేండ్ల గడువు 2024 జూన్‌లో తీరినది. ఇప్పుడు ఎవరి నిబంధనలు వారివి. మన ఊరినుండి అనంతపురం దగ్గరైనా, తిరుపతి బంధువుల ఊరైనా, ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో మన పిల్లలు పరాయివారే. కేంద్రీయ విశ్వవిద్యాలయానికి మాత్రం ఆ అడ్డు లేదు. దేశవ్యాప్త ప్రవేశ పరీక్షలో వచ్చిన మార్కులే లెక్క. మనవారు ఎక్కువగా భయపడే సంస్థే మనకు ఎక్కువగా తెరుచుకొన్నది.

నాగరభావి న్యాయ పాఠశాల విషయం కూడా చెప్పాలి. కర్ణాటక విద్యార్థులకు 25 శాతం సీట్లు కేటాయిస్తూ 2020లో రాష్ట్ర శాసనసభ చేసిన సవరణను హైకోర్టు కొట్టివేసినది. తరువాత పాఠశాలే, కర్ణాటకలో కనీసం పదేండ్లు చదివినవారికి అంతే శాతం అవకాశం కల్పించినది. ప్రవేశ పరీక్ష ఆంగ్లంలోనే ఉండడం వలన దొరబిడ్డలే చేరుతున్నారన్న మాటలో కొంత నిజమున్నది. అయితే ఆ పాఠశాలలోనే చదివిన షంనాద్ బషీర్ 2010లో పేద విద్యార్థులకు న్యాయవిద్యా ప్రవేశ శిక్షణనిచ్చే ఉద్యమాన్ని ప్రారంభించినారు. ఆయన 2019లో మరణించినా ఆ పని సాగుతున్నది.

మన రాష్ట్రపు సి.ఇ.టి. విషయంలో తల్లిదండ్రులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కర్ణాటకలో ఏడేండ్లు చదివి, ఎస్.ఎస్.ఎల్.సి. లేదా ద్వితీయ పి.యు.సి. ఇక్కడే ఉత్తీర్ణులై ఉండాలి. గోరంట్లలోనో హిందూపురంలోనో బాల్యమంతా చదివించినవారు ఈ లెక్క ముందే చూసుకోవాలి. గ్రామీణ కోటా 15 శాతం. ఒకటి నుండి పదవ తరగతి దాకా పదేండ్లూ గ్రామీణ ప్రాంతపు బడిలోనే చదివి ఉండాలి. మంచి ఆంగ్లం వస్తుందని ఎనిమిదవ తరగతికి బాగేపల్లి పట్టణంలో చేర్చితే ఆ కోటా పోతుంది. కన్నడ మాధ్యమంలో పదేండ్లు చదివినవారికి మరొక 5 శాతం ఉన్నది. అధ్యయన పత్రాలపై క్షేత్ర శిక్షణాధికారి ప్రతిసంతకం కావాలి. రెండు మూడు బడులలో చదివిన పిల్లలు ప్రతి బడి నుండీ వేరుగా పత్రం తెచ్చుకోవాలి. వేసవి సెలవులలో ప్రధానోపాధ్యాయులు ఊళ్లో దొరకరు కనుక మార్చిలోనే అడిగి ఉంచుకోవడం మేలు.