ఇంటికప్పు ఉన్నవారికేనా సూర్యుడు?

ఎండ అందరి ఇళ్లపైనా సమానంగానే కాస్తుంది. దానిపై ప్రభుత్వమిచ్చే రాయితీకి మాత్రం ఆ సమానత్వం లేదు.

2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లకు సౌరవిద్యుత్తును లక్ష్యంగా పెట్టుకుంది. 3 కిలోవాట్ల ప్లాంటుకు 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది. కానీ సొంత ఇల్లుండాలి, పలకలు మోయగల కప్పుండాలి, కరెంటు కనెక్షనుండాలి. పైగా ప్లాంటు బిగించిన తరువాతే రాయితీ ఖాతాలో పడుతుంది. పల్లెల్లో అద్దె గదుల్లో, రేకుల షెడ్లలో కాపురముంటున్న దూదేకుల కుటుంబాలు, తోపుడుబండ్లవారు, ఆటో కార్మికులు మొదటి షరతు దగ్గరే ఆగిపోతారు. సౌర పంపుసెట్లిచ్చే పీఎం కుసుమ్ సైతం భూమి ఉన్న రైతు కోసమే. సెంటు భూమి లేని కూలీకి అందులో ఏముంది?

ఎలక్ట్రిక్ ఆటోల సంగతీ ఇంతే. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ ధరలో కొంత తగ్గించింది. మిగతా సొమ్ముకు అప్పే దిక్కు. ముస్లింలు అధికంగా నివసించే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు రుణాలకు ప్రతికూల మండలాలుగా గుర్తించాయని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. బ్యాంకు కాదంటే డ్రైవరు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు. డీజిలులో ఆదా అయినది వడ్డీకి సరిపోతుంది. ఇక అద్దె గదిలో ఉండేవాడు రాత్రిపూట బండిని ఎవరి మీటరుకు తగిలించుకోవాలి?

"పథకంలో మతం ప్రస్తావన ఎక్కడుంది?" అని కొందరు అడుగుతారు. లేదు, నిజమే. అయితే ఆస్తిని అర్హతగా పెట్టినప్పుడు, తరతరాలుగా ఆస్తికి దూరమైనవారు వాటంతటవే జాబితా నుంచి రాలిపోతారు. మనతోపాటు దళితులు, ఆదివాసులు, సంచార జాతులు కూడా రాలిపోతారు. అందుకే ఇది మన ఒక్కరి మొర కాదు, భూమీ కప్పూ లేనివారందరి హక్కు.

కర్నూలు చెంత గని-శకునాల వద్ద 1000 మెగావాట్ల సోలార్ పార్కు వేల ఎకరాల్లో పరుచుకుంది. అంత పెద్ద పార్కుకు చోటు దొరికిన నేలపై పేదవాడి బల్బుకు వాటా దొరకదా?

మేము అడుగుతున్నవి మూడే. పంచాయతీ భవనాలు, పాఠశాలలు, సమ్మతించిన వక్ఫ్ సంస్థల కప్పులపై ఉమ్మడి ప్లాంట్లు నెలకొల్పి, అద్దెదారుల బిల్లుల్లో వాటా జమ చేయాలి. మైనారిటీ ఆర్థిక సంస్థలు పూచీ ఉండి ఎలక్ట్రిక్ ఆటోలకు వడ్డీలేని రుణమిప్పించాలి. రాయితీ ఏయే వర్గాలకు ఎంత చేరిందో జిల్లాలవారీగా ప్రకటించాలి.

జమాఅత్ కమిటీలు కూడా ఊరుకోరాదు. తమ మొహల్లాలో సొంత కప్పు లేని ఇళ్లెన్నో, ఆటో నడిపేవారెందరో లెక్క తీసి వచ్చే గ్రామసభలో ముందుంచాలి. లెక్క చూపనిదే హక్కు దక్కదు.