ఉమ్మడి గడప

ఇల్లు ఒకరి సొత్తు, వీధి ఊరందరి సొత్తు. ఈ రెండింటి నడుమ నిలిచేది గృహ సహకార సంఘం. నాలుగు గోడల లోపల ప్రతి కుటుంబమూ స్వతంత్రమే. కాని నీటి తొట్టి, మురుగుకాలువ, మెట్లదారి, పిల్లలు ఆడుకొనే ఖాళీస్థలం ఏ ఒక్కరివీ కావు. అందరిదైన దానిని ఎవరు కాపాడాలి? ఈ ప్రశ్నకు సమాధానం దొరికిన చోట సహవాసం సుఖప్రదమవుతుంది. దొరకని చోట ఇరుగుపొరుగులే వాదిప్రతివాదులవుతారు.

ఆధునిక సహకారోద్యమానికి మార్గదర్శకులుగా పేరొందిన బృందంలో నేతపనివారు ఉండడం గమనార్హం. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 28 మంది సామాన్యులు తలా కొంత సొమ్ము కూడబెట్టి సరకుల దుకాణం తెరిచారు. కల్తీలేని సరకు, సరైన తూకం అందించడం వారి తొలి కార్యం. అయితే సభ్యుల నివాసానికి ఇళ్లు సమకూర్చుకోవడం కూడా వారు నాడే రాసుకొన్న ఆశయాలలో ఒకటి. కూటికి, గూటికి మార్గం ఒక్కటేనని వారు గ్రహించారు. మన దేశంలో 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1909 నాటికే బెంగుళూరులో గృహనిర్మాణ సహకార సంఘం వెలసింది.

కర్నూలు జిల్లా పడమటి సీమకు ఈ ఉద్యమం కొత్తది కాదు. ఆదోని పత్తికి ప్రసిద్ధి, ఎమ్మిగనూరు నేతకు ప్రసిద్ధి. ఈ ప్రాంతం ఉమ్మడి మద్రాసులోని బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న కాలంలో, 1938లో, మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేతకారుల సహకార సంఘాన్ని స్థాపించారు. తరువాతి కాలంలో ఆయన పద్మశ్రీ పురస్కారం పొందారు. నేతకారుల పేరుతో వెలసిన వీవర్స్ కాలనీ ఆ పట్టణంలో నేటికీ ఉంది.

నేతగానికి ఇల్లు విశ్రాంతి స్థలమే కాక పనిశాల కూడా. అతని గుంట మగ్గం ఇంటి నేలలోనే ఉంటుంది. కప్పు కారితే పడుగు తడుస్తుంది. గుంటలో నీరు ఊరితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే పొయ్యిలో పిల్లి లేవదు. పడుగు సాగదీయడానికి ఇంటి ముందు బారైన వీధి కూడా కావాలి. ఆ వీధిని ఒకరు ఆక్రమిస్తే పొరుగువాని జీవనాధారానికే అడ్డు తగులుతుంది. సొంతానికీ ఉమ్మడికీ గల విడదీయరాని సంబంధం నేతవాడలో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు.

నేటి పట్టణవాసులు మరచినది ఈ సంబంధాన్నే. స్థలం చేతికి వచ్చేదాకా సంఘం చుట్టూ తిరిగిన సభ్యుడు, రిజిస్ట్రేషన్ ముగిసిన మరునాడు సంఘాన్ని మరచిపోతాడు. సర్వసభ్య సమావేశానికి పిలిస్తే పని ఉందంటాడు. నెలసరి రుసుము అడిగితే కిందటి ఏటి లెక్క చెప్పమంటాడు. ఆ లెక్క చదివిన నాడు మాత్రం సభలో ఉండడు. ఇలా అందరూ తప్పుకొన్నాక భారమంతా ఇద్దరు ముగ్గురి మీద పడుతుంది. మొదట వారు సేవకులు, కొంతకాలానికి అలసిపోయినవారు, చివరకు అడిగేవారు లేని అధికారులు. సంఘం చెడిందంటే దోషం కార్యవర్గానిది మాత్రమే అనడం అర్ధసత్యం.

సభ్యులకు తీరిక లేనప్పుడు నిర్వహణను ప్రభుత్వాధికారికి అప్పగిస్తే మేలు కదా అని కొందరి వాదన. ఈ వాదనలో కొంత సబబు లేకపోలేదు. నిధులు దారితప్పిన సంఘాన్ని గాడిలో పెట్టడానికి కొన్నాళ్లు అధికారి అవసరం కావచ్చు. కాని ఆ ఏర్పాటు ఏళ్ల తరబడి సాగితే సభ్యుడు యజమాని స్థానం నుంచి అర్జీదారుని స్థానానికి దిగజారుతాడు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టంలో ప్రభుత్వ అజమాయిషీ అధికం. సంఘాలకు స్వయంపాలన కల్పించే ఉద్దేశంతో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. చట్టం స్వాతంత్ర్యాన్ని ఇవ్వగలదు. సభకు మనిషిని తీసుకురాలేదు.

కరవుసీమలో ఈ పరీక్ష వేసవిలో వస్తుంది. బోరు అడుగంటి కాలనీకి ట్యాంకరు వచ్చిన నాడు ముందు ఎవరికి, ఎన్ని బిందెలు? పెద్ద మేడకూ చిన్న ఇంటికీ ఒకే కొలత పెట్టగలిగిన సంఘమే సంఘం. సభ్యునికి ఎంత ఆస్తి ఉన్నా ఓటు ఒక్కటే అన్న సూత్రానికి అక్కడే అర్థం. ఇక్కడ మరొక లోపాన్ని గుర్తించాలి. చాలా ఇళ్లలో సభ్యత్వం పురుషుని పేర ఉంటుంది. బిందె పట్టుకొని వరుసలో నిలిచేది స్త్రీ. నీటి కష్టం తెలిసిన గొంతుకు సభలో చోటు లేకపోతే ఆ తీర్మానం కాగితానికే పరిమితమవుతుంది. అద్దెకున్నవారి సంగతీ అంతే. వారికి ఓటు లేకపోవచ్చు, దాహం లేకపోలేదు. వారి మాట వినడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

సంఘాన్ని నిలబెట్టే పనులు పెద్దవేమీ కావు. నెలనెలా జమాఖర్చులు అందరికీ కనిపించే చోట అంటించాలి. కార్యవర్గంలోకి కొత్తవారు రావాలి. మోటారు చెడకముందే మరమ్మతు నిధి కూడబెట్టాలి. తగవు న్యాయస్థానానికి చేరకముందే సభకు చేరాలి. వీటికి పాండిత్యం అక్కరలేదు, ఏడాదికి కొన్ని గంటల ఓపిక చాలు.

పడుగు ఎంత గట్టిదైనా పేక లేనిదే బట్ట కాదు. వరుసగా కట్టిన ఇళ్లు పడుగు వంటివి. వాటి మధ్య అటూ ఇటూ తిరిగే మాట, లెక్క, బాధ్యత పేక వంటివి. పేక ఆగిపోయిన చోట ఇళ్లు ఎన్ని ఉన్నా అది కాలనీ అనిపించుకోదు.