ఏజెంటు మారితే డిపాజిట్ ఎక్కడ?

ఇంగ్లండులో అద్దెకుంటున్న తెలుగు విద్యార్థులకు ఒక్కోసారి హఠాత్తుగా ఈమెయిల్ వస్తుంది: ఇకపై అద్దె కొత్త లెటింగ్ ఏజెన్సీకి కట్టండి అని. అద్దె సరే, ఇంట్లో దిగేటప్పుడు పాత ఏజెంటు చేతిలో పెట్టిన డిపాజిట్ మాటేమిటి? ఆ ఈమెయిల్‌లో దాని ఊసే లేకపోతే వెంటనే నిలదీయాలి.

అక్కడి చట్టం గట్టిదే. 2007 ఏప్రిల్ నుంచి డిపాజిట్‌ను ప్రభుత్వం ఆమోదించిన పథకంలో భద్రపరచడం తప్పనిసరి. (యజమాని అదే ఇంట్లో ఉంటే మాత్రం ఈ నిబంధన సాధారణంగా వర్తించదు.) సొమ్ము అందిన 30 రోజుల్లో ఆ పని చేసి, వివరాలు అద్దెదారుకు రాసివ్వాలి. లేదంటే కోర్టు డిపాజిట్‌కు మూడింతల దాకా పరిహారం కట్టించగలదు.

ఈ పథకాల్లో బీమా, కస్టోడియల్ అని రెండు పద్ధతులున్నాయి. చిక్కంతా బీమా పద్ధతిలో ఉంది. అందులో సొమ్ము పథకం దగ్గర ఉండదు, యజమాని లేదా ఏజెంటు దగ్గరే ఉంటుంది. సొమ్ము ఉంచుకున్న ఏజెంటు తప్పుకుంటే అది కొత్తవారికి చేరాలి, వారి పేరున మళ్లీ నమోదు కావాలి. ఈ చేతులు మారే వేళే డబ్బు జాడ తప్పే ప్రమాదం ఉంది. కస్టోడియల్ పద్ధతిలో సొమ్మును పథకమే ఉంచుకుంటుంది, దానికి రుసుమూ లేదు. ఏజెంట్లు నడిపే ప్రతి ఇంటికీ దాన్నే తప్పనిసరి చేయాలి.

డిపాజిట్ జాడ తప్పితే ఏజెంటు మీద నెపం వేసి యజమాని తప్పించుకోలేడు. ఆ డిపాజిట్ తల్లిదండ్రులు అప్పు చేసి పంపిన సొమ్ము. విద్యార్థులారా, మీ డిపాజిట్ నమోదై ఉందో లేదో ప్రభుత్వం ఆమోదించిన మూడు పథకాల వెబ్‌సైట్లలోనూ ఈరోజే చూసుకోండి. కొత్త ఏజెంటు నుంచి నమోదు పత్రం అడిగి తీసుకోండి.