డయల్ మీద పరాయి పేరెందుకు?

జుమ్మా రోజు మా రూములో నలుగురం కూర్చుని వాచీలు బిగించుకుంటామని మీలో చాలామందికి తెలుసు. ఫొటోలు చూసినవాళ్లు అడిగేది ఒకటే: "అచ్చం ఖరీదైన వాచీలా వచ్చింది గదా, డయల్ మీద ఓ పెద్ద కంపెనీ పేరు వేయిస్తే పోయేదేముంది? ఊళ్లో ఎవడు కనిపెడతాడు?" పోయేది చాలా ఉందని మా అభిప్రాయం.

ముందు పని సంగతి చెబుతాం. మేము చేసుకునేది డ్రెస్ వాచీ, అంటే పెళ్లికో ఫంక్షన్‌కో పెట్టుకునే సాదా వాచీ. 36 నుంచి 38 మిల్లీమీటర్ల వెడల్పు, సన్నని ముళ్లు, తోలు బెల్టు. చొక్కా చేతి కింద ఇట్టే దూరిపోవాలి. పటేక్ ఫిలిప్ కంపెనీ 1932లో తెచ్చిన కలాట్రావా వాచీ ఈ రూపుకు పెద్ద పేరు తెచ్చింది. ఆ తర్వాత ఎన్నో కంపెనీలు ఇదే దారిలో నడిచాయి. గుండ్రటి కేసు, సాదా డయల్ ఎవరైనా చేసుకోవచ్చు. పేరు మాత్రం ఎవరిది వాళ్లదే.

లోపలి మిషన్ మేము చెయ్యం, చేశామని చెప్పుకోం. జపాన్ కంపెనీలది కొంటాం. సీకో వాళ్ల ఎన్‌హెచ్35 అయితే 40 డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. చేతి కదలికకే కీ పడుతుంది, నిండా కీ ఉంటే 41 గంటలు నడుస్తుంది. మందం 5.3 మిల్లీమీటర్లు కాబట్టి వాచీ కాస్త లావుగా వస్తుంది. పలచగా కావాలంటే మియోటా 9015 ఉంది, 3.9 మిల్లీమీటర్లే, కానీ ధర ఎక్కువ.

మా పని ఆ తర్వాత మొదలవుతుంది. తేదీ ఉన్న వాచీ అయితే, తేదీ మారగానే ఆపి ముళ్లు సరిగ్గా 12 మీద కూర్చోబెట్టాలి. లేకపోతే తేదీ అర్ధరాత్రి కాకుండా ఇంకెప్పుడో మారుతుంది. కీ కాడను కేసుకు సరిపడా కొద్దికొద్దిగా కత్తిరించాలి. ఒక్క గీర ఎక్కువ పోయిందంటే ఆ కాడ పారేసుకోవడమే. ఉక్కు ముళ్లకు నీలం తేవాలంటే ఇత్తడి పొడి మీద పెట్టి కింద నుంచి వేడి చెయ్యాలి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, 300 డిగ్రీల దగ్గర్లో నీలం. అప్పుడే తీసెయ్యాలి, ఆలస్యమైతే బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ క్షణం మా వెల్డర్ అన్నకు బాగా తెలుసు, రోజూ అతుకు పక్కన ఇవే రంగులు చూస్తాడు. బెల్టు కుట్టేది టైలరింగ్ వచ్చిన తమ్ముడు. డయల్ వెంట్రుకవాసి వంకరగా ఉన్నా పట్టేసేది టైల్స్ మేస్త్రీ.

మనం కట్టిన టవర్లు, వేసిన రోడ్లు, బిగించిన ఏసీలు ఎన్నో ఉన్నాయి. దేని మీదా మన పేరు లేదు. కూలి తీసుకున్నాం, ఆ లెక్క అక్కడికి సరి. కానీ సొంత డబ్బుతో, సొంత సెలవు రోజున, సొంత చేత్తో చేసుకున్న ఈ నాలుగు సెంటీమీటర్లు కూడా లేని బిళ్ల మీద సైతం పరాయి పేరే రాసుకుంటే, మన పేరు ఇంకెక్కడ రాసుకుంటాం?

మన నాయనలు పెట్టుకున్న హెచ్‌ఎంటీ వాచీలు గుర్తున్నాయా? 1961లో బెంగళూరులో సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో ఆ తయారీ మొదలైంది. పని నేర్పింది జపాన్ వాళ్లే. అయినా జనతా వాచీ డయల్ మీద ఉన్నది హెచ్‌ఎంటీ పేరే. ఆ వాచీని ఎవరైనా తక్కువగా చూశారా? ఫ్యాక్టరీలు మూతపడినా ఇప్పటికీ దాన్ని వెతికి కొనుక్కునేవాళ్లున్నారు.

"ఊళ్లో బ్రాండుకే విలువ" అంటారు. నిజమే, కానీ ఆ విలువకు బిల్లు మనమే కట్టాలి. ధర అడిగితే లక్షల్లో అబద్ధం చెప్పాలి. చెప్పిన వారానికే "అంత వాచీ పెట్టినోడివి, రెండు లక్షలు సర్దలేవా" అని చుట్టాలొస్తారు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఆ వాచీ చూసి, గల్ఫ్‌లో డబ్బు రాలుతోందనుకుని, పొలం తాకట్టు పెట్టి ఏజెంటు చేతిలో డబ్బు పోసే ఇరవయ్యేళ్ల పిల్లాడు ప్రతి ఊళ్లో ఉంటాడు. వాడికి మన మణికట్టు అబద్ధం చెప్పకూడదు. పైగా నకిలీ బ్రాండు పేరు వెయ్యడం ట్రేడ్‌మార్క్ చట్టాల కింద నేరం. కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే వాచీ పోతుంది, తలనొప్పి మిగులుతుంది.

"ఇంటికి పంపే డబ్బుతో ఈ సరదాలేంటి" అనేవాళ్లకూ జవాబుంది. ఇంటికి పంపేది పంపాకే మా లెక్క. అప్పున్నవాడు ముందు అప్పు తీర్చాలి. పనిముట్లు అందరికీ కలిపి ఒక్క సెట్టే. ఎవరి వాచీ అయినా నెలల తరబడి ఒక్కో భాగం కొనుక్కుంటూ పోవడమే. వారమంతా ఎవరో చెప్పిన పని చేసే చేతులు ఒక్కరోజు తమకు నచ్చింది చేసుకుంటే అది దుబారా కాదు.

అందుకే మా రూములో డయల్ ఖాళీగా వదిలేస్తాం. వెనక మూత మీద మాత్రం తెలుగక్షరాల్లో ఊరి పేరో, అమ్మ పేరో చెక్కించుకుంటాం. ధర అడిగితే ఉన్నదే చెబుతాం. ఎవరు చేశారని అడిగితే, మిషన్ జపాన్‌ది, పని మాది అంటాం.